పొట్లంలో ఏముందో చెప్పని మందు

ప్రశ్న: మేడమ్, మాది నారాయణపేట దగ్గర పల్లె. నాకు ఇరవై ఆరేళ్లు. పెళ్లయి నాలుగేళ్లయింది, పిల్లలు లేరు. స్కానింగ్‌లో నీటి బుడగలున్నాయన్నారు. థైరాయిడ్ కూడా ఉందని రోజూ ఒక మాత్ర రాశారు. డేట్ ముప్పై అయిదు, నలభై రోజులకు గాని రాదు. మా ఆయన పుణేలో సెంట్రింగ్ పని చేస్తాడు. రెండు నెలలకోసారి వచ్చి వారం పది రోజులుండి పోతాడు. మొన్న దీపావళికి వచ్చి పదిహేను రోజులున్నాడు. అప్పుడే కురుమూర్తి జాతరలో మా అత్తమ్మ ఒకాయన దగ్గర చెట్ల మందు తెచ్చింది. పొడి, మూడున్నర వేలు. నలభై ఒక్క రోజులు పరగడుపున తాగాలె, ఇంగ్లీషు మందు బంద్ చెయ్యాలె అన్నాడట. తాగబట్టి ఇరవై ఆరు రోజులైంది. థైరాయిడ్ మాత్ర ఆపేశాను. వికారంగా ఉంటోంది, నోరంతా చిలుము పట్టినట్టుంటుంది, విరేచనం సరిగ్గా కావడం లేదు. డేట్ నలభై దాటి ఇంకో పన్నెండు రోజులు అయినా రాలేదు. ఫోన్ చేస్తే "మందు వేడి చేసింది, పని చేస్తున్నట్టే. డబుల్ వేసుకో, డేట్ వస్తది" అన్నాడు. అత్తమ్మకు ముప్పై రెండేళ్లకే గర్భసంచి తీసేశారు, అందుకే ఆమెకు దవాఖానా అంటే నమ్మకం లేదు. చెట్ల మందుతో ఏం కాదు అంటుంది. నిజంగా ఏం కాదా? మా యారాలికి ఇద్దరు ఆడపిల్లలు. ఆమెకు కూడా అతని దగ్గరే మగపిల్లాడి మందు తెస్తానంటోంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం: బిడ్డా, మిగతాదంతా తర్వాత చదువుదువుగాని, ముందు ఒక పని చెయ్యి. రేపు పొద్దున ఆ పొడి ముట్టుకోకుండా, లేవగానే వచ్చే మొదటి మూత్రంతో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకో. స్ట్రిప్ ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. ఊళ్లో అడగడానికి మొహమాటమైతే మీ ఆశ కార్యకర్తను అడుగు, వాళ్లకు ఈ కిట్లు ప్రభుత్వమే ఇస్తుంది.

ఎందుకంటున్నానో నీ ఉత్తరంలోనే ఉంది. దీపావళికి మీ ఆయన పదిహేను రోజులున్నాడు. ఆ తర్వాత డేట్ రాలేదు. వికారంగా ఉంది. మా చిన్నప్పుడు దీన్ని వేడి చేసింది అనేవాళ్లు కాదు, నెల తప్పింది అనేవాళ్లు. కాకపోయినా కాకపోవచ్చు. నీటి బుడగల సమస్య ఉన్నవాళ్లకు డేట్ ఎంత వెనక్కి పోతుందో చెప్పలేం, థైరాయిడ్ మాత్ర ఆపినా అది తప్పుతుంది. కానీ కాదని తేలేదాకా అవుననే అనుకుని నడుచుకోవాలి. ఆ మందు ఇచ్చినాయన మాత్రం ఫోన్‌లోనే డబుల్ వేసుకోమన్నాడు. ఆ ఒక్క మాటతో అతనికి వైద్యం రాదని తేలిపోయింది. నేను ఆయుర్వేదం చదువుకుని, ప్రభుత్వ డిస్పెన్సరీలో చెట్ల మందులే ఇచ్చి రిటైరైనదాన్ని. చెట్ల మందుల మీద నాకు ద్వేషం లేదు. అందుకే ఇంకా కోపంగా ఉంది.

డేట్ రప్పించే మందులు మా శాస్త్రంలో ఉన్నాయి. రజఃప్రవర్తినీ వటి అని ఒక మాత్ర ఉంది, పేరులోనే పని ఉంది. కలబంద పాలు ఎండబెట్టిన ముసాంబరం, ఇంగువ, వెలిగారం, కాసీసం కలిపి చేస్తారు. చదువుకున్న వైద్యులెవరూ కడుపుతో ఉందో లేదో చూసుకోకుండా దాన్ని రాయరు. గర్భిణికి తీక్షణమైనవి, విరేచనం చేయించేవి ఇవ్వొద్దని పాత గ్రంథాలే చెబుతాయి. అంటే డేట్ రావడం లేదని వచ్చిన ఆడమనిషిని ముందు అడగాల్సింది "ఎన్ని రోజులైంది, మీ ఆయన ఊళ్లో ఉన్నాడా" అని. మంత్రసాని అవ్వలు కూడా ఇదే అడిగేవాళ్లు. జాతరలో డేరా వేసుకున్నాయన అడగలేదు, ఎందుకంటే అతను నిన్ను చూడనే లేదు. మీ అత్తమ్మను చూసి ఇచ్చాడు.

ఒక సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నల్గొండ జిల్లాలో, ఒక మధ్యాహ్నం ఒకామెను మంచం మీద మోసుకొచ్చారు. వాంతులు, చెమటలు. చెయ్యి పట్టుకుంటే నాడి ఆగి ఆగి కొట్టుకుంటోంది. గడియారం పెట్టుకుని లెక్కపెడితే నిమిషానికి నలభై. డేట్ ఆలస్యమైందని ఎవరో వేరు అరగదీసి ఇచ్చారట. కొంగున కట్టుకున్న ముక్క విప్పి చూపించింది వాళ్లమ్మ. గన్నేరు. అది గుండెను పట్టుకునే విషం. దొరికిన జీపులో పెద్దాసుపత్రికి పంపాం, బతికింది. ఆ తల్లి ఒకటే మాట: "చెట్టు వేరే గద మేడమ్, ఏమైతదనుకున్న?" గన్నేరూ చెట్టే, గురివింద గింజా చెట్టుదే, జిల్లేడు పాలూ చిత్రమూలమూ అంతే. వీటన్నిటినీ కడుపు తీయించడానికి వాడి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. ఇది చదివేవాళ్లలో వద్దనుకున్న గర్భంతో ఉన్నవాళ్లుంటే, దానికి చట్టం దారి పెట్టింది. 1971 నాటి చట్టం, 2021 సవరణ ప్రకారం ఇరవై వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో సర్కారు దవాఖానాలో చేయించుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు దాటిన ఆడమనిషి సంతకం ఒక్కటి చాలు, భర్త సంతకం అక్కర్లేదు, పేరు బయటికి చెప్పరాదు. వేరు మింగాల్సిన పని లేదు.

ఇక ఏం కాదా అని అడిగావు. దానికి జవాబు చెప్పాలంటే ఆ పొడిలో ఏముందో తెలియాలి. నీకు తెలియదు, నాకు తెలియదు, మీ అత్తమ్మకు తెలియదు. "నల్లమల వేర్లు, మా తాతల మందు, పేరు చెబితే పని చెయ్యదు" అని ఉంటాడు. అందరూ అనేది అదే. నల్లమలలో చెంచులకు వేర్ల సంగతి నిజంగానే తెలుసు. పిల్లిపీచర (శతావరి) దుంప తవ్వి తెచ్చేవాళ్లను అడిగితే ఏ తీగ, ఏ కాలంలో తవ్వాలి, అన్నీ చెబుతారు. పేరు దాచరు. జాతరల్లో, హైవే పక్కన డేరాల్లో నల్లమల పేరు చెప్పి అమ్మేవాళ్లంతా చెంచులు కారు.

పేరు ఎందుకు ముఖ్యమో అశోక చెట్టుతో చెబుతాను. ఎక్కువ బ్లీడింగ్ అవుతుంటే అశోక పట్టతో చేసిన అరిష్టం ఇవ్వడం పాత పద్ధతి. అశోక చెట్టు ఎక్కడుందంటే అందరూ స్కూలు కాంపౌండ్‌లో నిటారుగా, కోసుగా పెరిగేదాన్ని చూపిస్తారు. అది అశోక కాదు, నరమామిడి. అసలు అశోక గుబురుగా పెరుగుతుంది. లేత ఆకులు రాగిరంగులో వేలాడుతుంటాయి, పూలు నారింజ, ఎరుపు కలిసిన గుత్తులుగా కాండానికే పూస్తాయి. అది మన చుట్టుపక్కల దొరకడం అరుదు, అడవుల్లో కూడా తగ్గిపోయి ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరింది. పట్ట దొరకనప్పుడు మార్కెట్‌లో ఏం కలుపుతారు? స్కూలు కాంపౌండ్‌లో ఉన్నదే. ఎండబెట్టి పొడి కొడితే నేను కూడా కంటితో తేడా చెప్పలేను. ఇది నిజాయితీగా అమ్మేచోట కూడా జరిగే మోసం. పేరే లేని పొట్లంలో ఏం ఉంటుందో నువ్వే ఆలోచించు.

ఇంకొక భయం చెట్లది కాదు, లోహాలది. నోట్లో చిలుము పట్టినట్టుంది, విరేచనం కావడం లేదు అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. కడుపుతో ఉన్నా అవి ఉండొచ్చు, కాదనను. కానీ నాటు మందుల్లో సీసం, పాదరసం, తాళకం (ఆర్సెనిక్ ఉండే ఖనిజం) కలిసే అలవాటు ఉంది. శుద్ధి చేసి చేసే భస్మాలు వేరే విషయం, వాటి మీద కూడా నేను గర్భిణుల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండేదాన్ని. 2008లో అమెరికాలో పరిశోధకులు ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులు 193 తెప్పించి పరీక్షిస్తే అయిదింట ఒక వంతులో ఈ లోహాలు బయటపడ్డాయి. అవి లేబుల్ ఉన్న మందులు. సీసం ఒంట్లోకి పోతే ఎముకల్లో దాక్కుంటుంది. గర్భం వచ్చినప్పుడు కాల్షియంతోపాటు అది కూడా రక్తంలోకి వచ్చి మాయ దాటి బిడ్డను చేరుతుంది. కడుపు పోవడం, బిడ్డ మెదడు దెబ్బతినడం దాని పనులు. కొందరు పొడుల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలుపుతారు. అవి పడగానే ఒళ్లు తేలికై, ఆకలి పుట్టి, మందు భలే పని చేస్తోందనిపిస్తుంది.

అందుకే మందుల చట్టం ప్రకారం ఆయుర్వేద మందైనా సరే పొట్లం మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తేదీ, అందులో ఏమేం ఉన్నాయో ఉండాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు. 1954లోనే ఒక చట్టం వచ్చింది. డేట్ సరిచేస్తామని, గర్భం పోగొడతామని, సంతానం కలిగిస్తామని మందులకు ప్రచారం చెయ్యడమే నేరం. గోడల మీద, బస్సుల్లో, ఇప్పుడు యూట్యూబ్‌లో ఎన్ని చూస్తున్నామో లెక్క లేదు. ఆ చట్టానికి డెబ్బై ఏళ్లు దాటాయి, గోడలు మాత్రం ఖాళీ కాలేదు.

థైరాయిడ్ మాత్ర రేపే మొదలుపెట్టు. పాత డోసే, మానేసిన రోజుల లెక్క కట్టి ఎక్కువ వేసుకోకు. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా చాయ్ కూడా తాగొద్దు. ఐరన్, కాల్షియం మాత్రలుంటే నాలుగు గంటలు ఎడం పెట్టు, లేకపోతే ఇది ఒంటికి పట్టదు. నువ్వు కడుపుతో ఉంటే మొదటి మూడు నెలలు బిడ్డ మెదడుకు కావలసిన హార్మోన్ నీ దగ్గర నుంచే పోవాలి. చాలామందికి అప్పుడు డోసు పెంచాల్సి వస్తుంది, ఆపడం మాట దేవుడెరుగు. అశ్వగంధ కూడా డాక్టరుకు చెప్పకుండా వాడొద్దు. అది థైరాయిడ్ లెక్కల్ని మారుస్తుంది, గర్భంలో అసలే వద్దు.

అలాగని వంటింటి డబ్బాలన్నీ పారెయ్యమనను. డేట్ నొప్పికి శొంఠి నిజంగానే పని చేస్తుంది, పరీక్షించి చూసి తేల్చారు. మొదటి మూడు రోజులు కొంచెం శొంఠి పొడి వేడినీళ్లలో తాగితే చాలామందికి మాత్ర అవసరం పడదు. మా నాయనమ్మ పెద్దమనిషి అయిన పిల్లకు నువ్వులు, బెల్లం దంచి ముద్దలు పెట్టేది. నువ్వుల్లో కాల్షియం, కొంత ఇనుము ఉంటాయి. తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తం తక్కువ ఉన్నవాళ్లే, ఆ ముద్ద తింటే మంచిదే. కాకపోతే రక్తం ఏడో ఎనిమిదో ఉన్నప్పుడు ముద్దలతో పని జరగదు, మాత్రలు కావాలి. త్రిఫల లాంటి వగరు చూర్ణాలు, చాయ్ ఆ మాత్రలకు అడ్డం పడతాయి, ఎడంగా తీసుకోవాలి. బాలింతకు పెట్టే కాయం, అంటే శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, బెల్లం, నెయ్యి కలిపి చేసేది, అది కూడా మంచిదే, బీపీ షుగర్ లేనివాళ్లకు. మెంతులు షుగర్ తగ్గిస్తాయి, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు వాటిని మందులా మింగితే కళ్లు తిరిగి పడొచ్చు. కూరలో వేసుకునే మెంతులు, ఇంగువ వేరు, మందుగా మింగేవి వేరు. తిండిగా తింటే ఏ మాత్రం భయం లేదు, కడుపుతో ఉన్నా.

అరిష్టాల గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. అవి బెల్లం నీళ్లు పులియబెట్టి చేసేవి, వాటిలో కొంత సారా సహజంగానే పుడుతుంది, తీపి కూడా ఎక్కువే. గర్భం కోసం చూస్తున్నవాళ్లు, లివర్ బాగాలేనివాళ్లు, తెల్లబట్టకు మెట్రోనిడజోల్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు అడగకుండా తాగొద్దు. తెల్లబట్టకని పటిక, వేపనూనె లోపల పెట్టుకోవడం కూడా మానాలి. లోపల సహజంగా ఉండే పులుపు చెడితే జబ్బు ఇంకా ముదురుతుంది. వాసన వచ్చినా, కలిసిన తర్వాత రక్తం కనబడినా, ముట్లుడిగాక ఒక్క చుక్క కనబడినా కషాయాలతో రోజులు గడపొద్దు.

మీ అత్తమ్మ గురించి. ఆమెను నేను తప్పు పట్టను. ముప్పై రెండేళ్లకే గర్భసంచి తీసేశారంటే, నొప్పి ఉందని పోయిన మనిషికి ఇంకో దారి ఉందని ఎవరూ చెప్పి ఉండరు. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ముందు వరసలో ఉన్నాయి. తెల్లబట్ట అయితే కూడా "క్యాన్సర్ అవుతుంది, తీసెయ్యాలి" అని భయపెట్టి తీసేసిన రోజులు నాకు గుర్తున్నాయి. అందుకే కోడలికి అట్లా కావొద్దని మూడున్నర వేలు పెట్టి ఆ పొడి తెచ్చింది. ఆమె ప్రేమ నిజమే, నమ్మిన మనిషే సరైనవాడు కాదు. ఆమెతో గొడవ పెట్టుకోకు, వెంటబెట్టుకుని దవాఖానాకు పో. ఆమె అండాశయాలు కూడా తీసేశారా అని కాగితాలు చూపించి అడుగు. అంత చిన్న వయసులో తీస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. నడుంనొప్పి అని ఆమె కూడా ఏదో ఒక నూనె రాసుకుంటూనే ఉండి ఉంటుంది.

మీ ఆయన సంగతికి వద్దాం. నాలుగేళ్లయినా పిల్లలు లేరు అన్నావు. నేను లెక్క వేశాను. రెండు నెలలకోసారి, పది రోజులు. ఏడాదికి అరవై రోజులు. నాలుగేళ్లలో మీరిద్దరూ కలిసి ఉన్నది ఎనిమిది నెలలు. అందులో అండం విడుదలయ్యే నాలుగైదు రోజులు ఎన్నిసార్లు అతను ఊళ్లో ఉన్నప్పుడు పడ్డాయో ఎవరికి తెలుసు? నీ డేట్లు నలభై రోజులకు వస్తాయి కాబట్టి ఇంకా తక్కువ. పాలమూరు వలసలో ఎన్ని జంటలు ఇట్లా గొడ్రాలు అనే మాట పడుతున్నాయో. ఇది జబ్బు కాదు బిడ్డా, బస్సు టికెట్ల సమస్య. ఇంకో మాట, స్కానింగులు, రక్త పరీక్షలు అన్నీ నీకే అయ్యాయి. అతనికి వీర్య పరీక్ష చేయించారా? నీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. అది అన్నిటికంటే చవక, నొప్పి లేని పరీక్ష. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి, అంతే. సంక్రాంతికి వచ్చినప్పుడు చేయించు. నీటి బుడగలంటే భయపడకు, అవి అసలు గడ్డలు కావు, ఎదగకుండా ఆగిపోయిన అండాలు. బరువు ఎక్కువుంటే అందులో నూటికి అయిదు నుంచి పది వంతులు తగ్గినా చాలామందికి డేట్లు దారిలో పడతాయి. అండం విడుదల కావడానికి మంచి మాత్రలున్నాయి.

యారాలి మందు గురించి ఎక్కువ రాయను. ఆడ, మగ అనేది తండ్రి కణంతో, గర్భం నిలిచిన క్షణంలోనే తేలిపోతుంది. నెల తప్పాక ఏ గింజ మింగినా మారదు. శివలింగి గింజలని, అదే మన లింగదొండ, ఇలాంటి మందుల్లో అమ్ముతారు. హర్యానాలో ఇలాంటివి వాడిన తల్లుల మీద పరిశోధన చేస్తే అవయవ లోపాలతో పుట్టిన పిల్లలు వాళ్లలో ఎక్కువగా కనబడ్డారు. అయినా అతని వ్యాపారం ఎప్పటికీ మూతపడదు. మందు తిన్నా తినకపోయినా సగం మందికి మగపిల్లలే పుడతారు, వాళ్లే అతనికి ఊరూరా ప్రచారం చేస్తారు. మిగతా సగం మంది నోరు విప్పరు.

టెస్ట్‌లో రెండు గీతలు వస్తే ఆ రోజే పీహెచ్‌సీకి పో. థైరాయిడ్, రక్తం, లివర్ పరీక్షలు రాయించుకో. ఈ పొడి సంగతి దాచకుండా చెప్పి, రక్తంలో సీసం పరీక్ష కూడా చెయ్యమని అడుగు. ఫోలిక్ యాసిడ్ మాత్రలు అక్కడే ఇస్తారు. ఒక్క గీతే వస్తే వారం ఆగి మళ్లీ చూసుకో, అప్పుడూ ఒకటే అయితే ఆడవాళ్ల డాక్టరుకు చూపించు, పొడి సంగతి అక్కడా చెప్పాలి. ఈలోపు పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, రక్తం పోయినా, కళ్లు పచ్చబడినా రేపటిదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యి.

మిగిలిన పొడి పారెయ్యకు. పొట్లంతో సహా ఒక కవర్‌లో వేసి, మీద తేదీ రాసి డాక్టరుకు చూపించు. అందులో ఏముందో తేలేది ల్యాబ్‌లోనే.